ఆడేవాళ్ళు – ఆడించేవాళ్ళు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వండని తమ్ముళ్ళు అడిగారు. చదువు గురించి రాసేవాళ్ళు ఉన్నారు. గ్రూప్స్, డి.ఎస్సీ. పరీక్షల గురించి చెప్పే అన్నలు ఉన్నారు. మేము ఆటల గురించి రాస్తామన్నాం. ఆటలంటే కప్పులు తెచ్చినవాళ్ళ గురించి అనుకోవద్దు. కప్పు పట్టుకున్నవాళ్ళ ఫోటో ఎట్లాగూ ఆఫీసు రూములో గోడకు ఉంటుంది. పొద్దున్నే లేచి గ్రౌండులో సున్నంతో గీతలు గీసినవాడు, తెగిన నెట్టుకు సుతిలి తాడుతో ముడి వేసినవాడు, ఈల నోట్లో పెట్టుకుని ఎండలో నిలబడినవాడు ఆ ఫోటోలో ఉండరు. ఈ వ్యాసం ఫోటోలో లేనివాళ్ళ గురించి.

మేము అంటే ఈ కాగజ్‌నగర్ హాస్టల్లో ఒకే బ్యాచిలో చదివినవాళ్ళం. పేపర్ మిల్లు మూతపడిన 2014 ప్రాంతంలో పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఇక్కడ దిగాం. 2018లో మిల్లు జె.కె. పేపర్ చేతికి వచ్చి మళ్ళీ తెరుచుకునే నాటికి పదో తరగతి అయిపోయింది. తర్వాత తలా ఒక దిక్కు పోయినా, ఏటా వార్షికోత్సవానికి ముందు వచ్చి ఆటల పోటీలు జరిపించే పని మాత్రం వదిలిపెట్టలేదు. ఆ పని మీద ఇష్టంతోనే మాలో కొందరం డిగ్రీ కాగానే బి.పి.ఎడ్., ఆ తర్వాత ఎం.పి.ఎడ్. వైపు పోయాం.

అక్కడే చిక్కు వచ్చింది. మా ఇళ్ళల్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాళ్ళం మేమే. మొదటివాడి చదువు మీద ఇంటిల్లిపాదికీ ఆశ ఉంటుంది. తహశీల్దారు కావాలి, కనీసం బ్యాంకులోనైనా కూర్చోవాలి. "గింత సదివి పోరగాండ్లను ఆడిపిచ్చుడేంది బిడ్డా? దానికి సదువెందుకు?" అని మా నాయినలు అడిగారు. కోపంతో అడిగింది కాదు. రెక్కలు ముక్కలు చేసుకుని చదివించినవాళ్ళు భయంతో అడిగిన మాట అది. అందుకే నవ్వి ఊరుకోలేకపోయాం. ఆడించడం ఒక పనేనా? దాని కోసం ఒక మనిషి తన బతుకు పెట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే, సరిగ్గా ఈ పని కోసమే సముద్రాలు దాటి పోయినవాళ్ళు మా పాఠ్యపుస్తకాల్లోనూ వాటి బయటా కనిపించారు.

వాళ్ళలో ముందుగా చెప్పవలసినవాడు ఎరిక్ లిడ్డెల్. స్కాట్లండుకు చెందిన మిషనరీ దంపతులకు 1902లో చైనాలోని టియన్‌జిన్‌లో పుట్టాడు. 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగుకు బ్రిటన్ ఆయన మీద ఆశ పెట్టుకుంది. ఆ పరుగు హీట్స్ ఆదివారం వచ్చాయి. ఆదివారం దేవుడి రోజు, ఆ రోజు పరుగెత్తను అన్నాడు. ఎవరు చెప్పినా వినలేదు. వంద మీటర్లు వదులుకుని నాలుగు వందల మీటర్లలో దిగి, 47.6 సెకండ్లలో బంగారు పతకం గెలిచాడు. ఆయన మీద 1981లో 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అనే సినిమా వచ్చి ఆస్కార్ కూడా గెలుచుకుంది.

లోకానికి ఆయన ఇంతవరకే తెలుసు. మాకు కావలసింది ఆ తర్వాతి సంగతి. పతకం గెలిచిన మరుసటి ఏడు, 1925లో, లిడ్డెల్ మళ్ళీ చైనాకు పోయాడు. టియన్‌జిన్‌లో మిషనరీలు నడిపే ఆంగ్లో-చైనీస్ కాలేజీ అనే బడిలో సైన్సు చెప్పాడు, పిల్లల ఆటలు చూసుకున్నాడు. ఒలింపిక్ విజేత ఇంగ్లండులో ఉండి ఉంటే సన్మానాలకు కొదవ ఉండేదా? ఆయన మాత్రం చైనా పిల్లలకు పరుగు పందేలు పెట్టించుకుంటూ ఏళ్ళు గడిపాడు. 1937 తర్వాత పల్లెల్లో సేవకు పోయాడు. యుద్ధం ముదిరినప్పుడు భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడా పంపించి తాను ఉండిపోయాడు. మూడో బిడ్డ అక్కడ పుట్టింది. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు.

1943లో జపాన్ సైన్యం ఆయనను వైషియన్ అనే చోట నిర్బంధ శిబిరంలో పెట్టింది. అదివరకు అది ఒక మిషన్ ఆవరణ. గోడల మధ్య పదిహేను వందల మందికి పైగా విదేశీయులు ఇరుక్కున్నారు. ఆ ఏడాదే చీఫూ స్కూలు పిల్లలను కూడా అక్కడికే తెచ్చారు. చీఫూ స్కూలు 1881లో మొదలైన క్రైస్తవ బోర్డింగ్ స్కూలు. చైనాలో పనిచేసే మిషనరీల పిల్లలు, అనేక దేశాలవాళ్ళు, అక్కడ ఉండి చదివేవారు. చాలామంది పిల్లలకు తల్లిదండ్రులు దగ్గర లేరు. ఒక్కసారి ఆలోచించండి తమ్ముళ్ళూ. అమ్మానాన్న దగ్గర లేరు, వరుసగా వేసిన పడకలు, గంట కొడితే తిండి, కళ్ళ ముందు ప్రహరీ గోడ. మనం యుద్ధ ఖైదీలం కాదు, ఆ కష్టంతో మనకు పోలిక లేదు. అయినా హాస్టల్లో మొదటి వారం గడిపిన ఎవరికైనా ఆ పిల్లల సాయంత్రాలు ఎట్లా ఉండేవో కొంచెం అర్థమవుతుంది.

ఆ సాయంత్రాలను లిడ్డెల్ ఆటలతో నింపాడు. పిల్లలకు సైన్సు చెప్పాడు, హాకీ, పరుగు పందేలు పెట్టించాడు, విరిగిన హాకీ కర్రలు తానే బాగుచేశాడు. పిల్లలు ఆయనను 'అంకుల్ ఎరిక్' అని పిలిచేవారు. ఆదివారం మాత్రం ఆటలు పెట్టించేవాడు కాదు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తాము హాకీ ఆడుకున్నారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాట అయింది. ఆ తర్వాత లిడ్డెల్ ఆదివారం కూడా గ్రౌండులోకి వచ్చి ఈల పట్టుకున్నాడు.

ఈ సంగతి చదివిన రోజు మేము చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఒలింపిక్ పతకం కోసం ఆదివారాన్ని వదులుకోని మనిషి, పిల్లలు కొట్టుకోకుండా ఆడుకోవడం కోసం వదులుకున్నాడు. అంటే ఆడించడం ఆయన దృష్టిలో పతకం కన్నా పెద్ద పని. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో ఆ శిబిరంలోనే చనిపోయాడు. అప్పటికి ఆయనకు 43 ఏళ్ళు. మరో ఆరు నెలలకు, ఆగస్టులో, శిబిరం గేట్లు తెరుచుకున్నాయి.

అయితే ఆడించడానికి పోయినవాళ్ళందరూ లిడ్డెల్ లాగా మెత్తనివాళ్ళు కారు. మన దేశంలోనే ఇంకొక కథ ఉంది. అది మనకు ఇంకా దగ్గరి కథ. సెసిల్ టిండేల్ బిస్కో అనే ఇంగ్లీషు మిషనరీ 1890లో శ్రీనగర్ వచ్చి అక్కడి మిషన్ స్కూలులో చేరాడు. 1891లో బడికి ఒక ఫుట్‌బాల్ తెచ్చాడు. చదివేవాళ్ళలో ఎక్కువ మంది బ్రాహ్మణ పిల్లలు. బంతి దేనితో చేశారని అడిగారు. తోలుతో అని చెప్పాడు. ముట్టుకోం, అది అపవిత్రం, తీసేయండి అన్నారు. బిస్కో ఊరుకోలేదు. గ్రౌండు చుట్టూ టీచర్లను కర్రలతో నిలబెట్టి ఆడించాడు. ఆటలో ఒక కుర్రాడి మొహానికి బంతి తగిలింది. మైలపడ్డానని ఏడుపు లంకించుకున్నాడు. కాలువ దగ్గర కడుక్కుని వచ్చి మళ్ళీ ఆడమన్నారు. కొన్నాళ్ళకు శ్రీనగర్‌లో ఫుట్‌బాల్ అందరి ఆట అయింది. బిస్కో పేరు మీద ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.

కర్రతో ఆడించడం మాకు నచ్చలేదు. దొరతనం ఆ కర్రలో ఉంది. కానీ 'తోలు బంతి ముట్టుకోం' అనే మాట దగ్గర మా కళ్ళు ఆగిపోయాయి. ఎందుకంటే మా తాతలు ఆ తోలు పని చేసినవాళ్ళే. చెప్పులు కుట్టారు, డప్పులు బిగించారు, మోట బొక్కెనలు కుట్టారు. తోలు ముట్టుకున్నందుకు వాళ్ళను ఊరు ముట్టుకోలేదు. అదే తోలుతో కుట్టిన బంతి వెంట ప్రపంచమంతా పరుగెత్తింది.

పుణెలో పాల్వంకర్ బాలూ కథ కూడా అటువంటిదే. ఆయనది తోలు పని చేసే కులం. ఇంగ్లీషు దొరల క్లబ్బులో పిచ్ చదును చేసే పనిలో చేరి, నెట్స్‌లో వాళ్ళకు బంతులు వేసి వేసి గొప్ప బౌలర్ అయ్యాడు. హిందువుల జట్టుకు ఆయన బౌలింగ్ కావాలి. టీ విరామంలో మాత్రం పెవిలియన్ బయట, మట్టి పాత్రలో వేరుగా టీ ఇచ్చేవారు. 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అంతటి ఆటగాడికి కూడా కెప్టెన్సీ ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్ కాలానికి, 1923లో గానీ, ఆ జట్టుకు ఆ ఇంటి మనిషి కెప్టెన్ కాలేదు.

బాలూను ఆపింది ఆట కాదు. క్రికెట్ నియమాల్లో కులం అనే మాట లేదు. జట్టు కట్టేవాళ్ళు, గిన్నెలు పంచేవాళ్ళు, కెప్టెన్ పేరు రాసేవాళ్ళు, వాళ్ళే ఆయనను ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించారు. అంటే ఆట ఎంత గొప్పదైనా, ఆడించేవాడు ఎట్లాంటివాడన్నదే అసలు సంగతి.

మాకు ఈ సంగతి పుస్తకం చదవకముందే తెలుసు. మా ఊళ్ళల్లో సాయంత్రం కాగానే వాలీబాల్ కోర్టు దగ్గర జనం చేరేవారు. బంతి మోరీలో పడితే, కంపలో పడితే తెచ్చి ఇచ్చే పని మా వాడ పిల్లలది. పరుగెత్తి తెచ్చేవాళ్ళం, కడిగి ఇచ్చేవాళ్ళం. గీత దగ్గర నిలబడి లోపలికి విసిరేవాళ్ళం. లోపలికి రావొద్దని ఎవ్వరూ అనలేదు. రమ్మని కూడా ఎవ్వరూ అనలేదు. అట్లా ఏళ్ళకు ఏళ్ళు గీత బయటే ఉండి, వాలీబాల్ అంటే మాకు బంతి తెచ్చే ఆట అనుకున్నాం.

ఆ వాలీబాల్ ఎక్కడిదో తెలుసా? అమెరికాలో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘంలో వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్ 1895లో తయారుచేసిన ఆట అది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1891లో, జేమ్స్ నైస్మిత్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1919లో మద్రాసు వచ్చాడు. మరుసటి ఏడు, 1920లో, కొద్దిమంది విద్యార్థులతో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ పాఠశాల పెట్టాడు. సైదాపేట దగ్గర నందనంలో ఉన్న వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల అదే. అప్పట్లో మన కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. అక్కడ తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు తెలుగు బడులకూ వచ్చారు. లిడ్డెల్ పరుగెత్తిన 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును వెంటబెట్టుకుని పోయిన మేనేజరు కూడా ఈ బక్ గారే. 1943లో మద్రాసులోనే కన్నుమూశాడు.

బక్ గారి గురించి మాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆయన ఒక్క జట్టును తయారుచేసి ఊరుకోలేదు. ఆడించేవాళ్ళను తయారుచేశాడు. ఒక ఆటగాడు పుడితే ఒక పతకం వస్తుంది. ఆడించేవాడు ఒక్కడు పుడితే ఒక ఊరు ఆడుతుంది. హైదరాబాదు దోమల్‌గూడ వ్యాయామ కళాశాలలో గానీ, మరో చోట గానీ చదివి, మారుమూల జిల్లా పరిషత్ బడికి పోయి ఈల ఊదే ప్రతి పి.ఇ.టి. సారూ ఆ వరుసలోని మనిషే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన హాస్టల్లో వార్డెన్ సారు ఉంటారు, వంటవాళ్ళు ఉంటారు, కామాటి ఉంటాడు, వాచ్‌మన్ ఉంటాడు. ట్యూషన్ చెప్పడానికి ట్యూటర్లు వస్తారు. ఆడించడానికంటూ ఎవరూ ఉండరు. గురుకులాలకు పి.ఇ.టి.లు ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, చర్ల అబ్బాయి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్లలకు ముందు భువనగిరి గుట్ట మీద ఎక్కడం దిగడం నేర్పిన శేఖర్ బాబు గారి వంటి కోచ్ దొరికాడు కాబట్టి ఎవరెస్టు దొరికింది. హాస్టల్ పిల్లలు బడికి పోయి వచ్చేసరికి సాయంత్రం. బడిలో పి.ఇ.టి. సారు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. హాస్టల్ గ్రౌండులో ఆ గంటన్నర ఎవరి బలం వాళ్ళదే.

బలం ఎవరిదైతే బంతి వాళ్ళది. పొడుగ్గా ఉన్నవాడు షూటరు, వాడి దోస్తు లిఫ్టరు. వాళ్ళ చోట్లు మారవు. చిన్న తరగతుల పిల్లలు ఎప్పుడూ వెనక మూలకే. అదీ దొరకనివాళ్ళు చెప్పులకు, వాచీలకు కాపలా. ఊళ్ళో గీత బయట నిలబడి వచ్చిన పిల్లాడు ఇక్కడ కూడా గీత బయటే నిలబడితే, ఇక వాడు గీత లోపలికి ఎక్కడ పోవాలి? ఈ ప్రశ్నే మమ్మల్ని పోటీల పనిలోకి దించింది.

మేము పోటీలు జరిపించే పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాం. రేపు మేము రాలేకపోయినా మీరు జరుపుకోవచ్చు.

మొదటిది, పేర్లు. 'ఆడేవాళ్ళు పేర్లు ఇవ్వండి' అని నోటీసు పెడితే ఎప్పుడూ ఆడేవాళ్ళే ఇస్తారు. అందుకని నోటీసు పెట్టం. హాజరు పట్టీ ముందు పెట్టుకుని అందరి పేర్లూ చీటీల మీద రాస్తాం. ఒక ఏడాది తొంభై ఆరుగురు తేలారు. పెద్ద తరగతుల చీటీలు ఒక డబ్బాలో, చిన్న తరగతుల చీటీలు మరో డబ్బాలో వేసి, అందరికన్నా చిన్న పిల్లాడితో తీయించాం. ప్రాణహిత, పెన్‌గంగ, వార్ధా, పెద్దవాగు అని నాలుగు జట్లు. జట్టుకు ఇరవై నాలుగు మంది. వాలీబాల్‌కు ఆరుగురు, కబడ్డీకి ఏడుగురు, ఖోఖోకు తొమ్మిదిమంది. మొత్తం ఇరవై రెండు. మిగిలిన ఇద్దరిలో ఒకరు స్కోరు రాయాలి, ఒకరు నీళ్ళు, దూది, అయోడిన్ చూసుకోవాలి. మర్నాడు ఆ ఇద్దరూ ఆడతారు, ఆడిన ఇద్దరు ఆ పనికి వస్తారు. పని లేని మనిషి ఉండడు.

రెండోది, లీగ్. నాకౌట్ పెడితే నాలుగు జట్లకు మూడే ఆటలు, మొదటి రోజే సగం మంది చూసేవాళ్ళయిపోతారు. లీగ్ పెడితే ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడుతుంది. ఒక్కో ఆటకు ఆరు మ్యాచ్‌లు, మూడు ఆటలకు పద్దెనిమిది. రోజుకు మూడు చొప్పున ఆరు సాయంత్రాలు. ఓడినవాడికి కూడా రేపు అనేది ఉంటుంది. పిల్లలకు కావలసింది ఆ రేపే.

మూడోది, వంతు తిరగడం. వాలీబాల్‌లో అసలు నియమం ఇది. సర్వీసు మన చేతికి వచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో చోటు జరగాలి. నెట్టు ముందు ఉన్నవాడు వెనక్కి పోతాడు, వెనక మూల ఉన్నవాడు ముందుకు వస్తాడు, ప్రతి ఒక్కరికీ సర్వీసు చేసే వంతు వస్తుంది. ఊరి ఆటల్లో ఈ నియమం ఎవరూ పట్టించుకోరు, షూటరు షూటరుగానే ఉండిపోతాడు. మేము మాత్రం వంతు తిరగకపోతే పాయింటు పోతుందని ఈల వేశాం. పెద్ద పిల్లలు గొణిగారు. కోర్టు కొలత పద్దెనిమిది మీటర్లు, తొమ్మిది మీటర్లు, అందులో మార్పు లేదు. నెట్టు ఎత్తు పెద్దవాళ్ళకు 2.43 మీటర్లు. మేము మాత్రం గుంజలకు కింద ఇంకొక గాటు పెట్టి నెట్టు దించి కట్టాం. చిన్న పిల్లలు నాలుగు అడుగులు ముందుకు వచ్చి సర్వీసు చేయవచ్చునన్నాం.

ఆ ఏడు ఆరో తరగతి పిల్లాడు ఒకడు పెన్‌గంగ జట్టులో ఉన్నాడు. అంతకు ముందు రోజూ పెద్దవాళ్ళ చెప్పులకు కాపలా కూర్చునేవాడు. వంతు తిరిగి తిరిగి సర్వీసు వాడి చేతికి వచ్చింది. బంతి పట్టుకుని మా వైపు చూశాడు, నిజంగా నేనే కొట్టాలా అన్నట్టు. ఈల వేశాం. కొట్టాడు, నెట్టుకు తగిలింది. జట్టులో పెద్దవాడొకడు తల కొట్టుకున్నాడు. రెండోసారి వంతు వచ్చినప్పుడూ అంతే. మూడోసారి బంతి నెట్టు దాటింది. పాయింటు వచ్చిందో లేదో మాకు గుర్తు లేదు. బంతి అవతల పడగానే ఆ పిల్లాడు దాన్ని తేవడానికి అలవాటు కొద్దీ పరుగెత్తబోయాడు. తల కొట్టుకున్న పెద్దవాడే వాడి చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆడుతున్నవురా, ఉండు" అన్నాడు.

ఆడించడం ఒక పనేనా అన్న ప్రశ్నకు మాకు ఆ మాటలో జవాబు దొరికింది. ఎవరో ఒకరు గ్రౌండులో నిలబడి ఆ పిల్లాడి వంతు వచ్చేదాకా ఆట తిప్పాలి. తనంతట తాను రాదు ఆ వంతు. ఈ పని నేర్చుకోవడానికి చదువు కావాలి కూడా. ఏ వయసు ఎముక ఎంత బరువు మోస్తుంది, కాలు బెణికితే మొదట ఏం చేయాలి, వేడెక్కకుండా పరుగెత్తిస్తే కండరం ఎందుకు పట్టేస్తుంది, ఇవన్నీ చదువులే.

ఈ రోజుల్లో పెద్ద నగరాల్లోనూ, విదేశాల్లోనూ ఇంటర్నేషనల్ స్కూళ్ళు ఈ పనికి స్పోర్ట్స్ కోఆర్డినేటర్ అని ప్రత్యేకంగా ఉద్యోగం పెడుతున్నాయి. ఏడాది ఆటల క్యాలెండర్ వేయడం, ఏ గ్రౌండు ఏ గంటకు ఎవరికో చూడడం, పిల్లలను వేరే బడికి తీసుకుపోవడానికి ఇంటివాళ్ళ అనుమతి తీసుకోవడం, దెబ్బలకు మందుల పెట్టె సిద్ధంగా ఉంచడం, ఇదంతా ఆయన బాధ్యత. మన తమ్ముళ్ళలో ఎవరైనా రేపు అటువంటి బడికి, దేశం దాటి అయినా సరే, పోతే మాకు గర్వమే. చెప్పులకు కాపలా ఉన్న పిల్లాడిని వెతికే కన్ను మాత్రం ఇక్కడి నుంచి వెంట తీసుకుపోవాలి. లక్షల ఫీజు కట్టే బడిలో కూడా ఆ పిల్లాడు ఎక్కడో ఒక మూల ఉంటాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లిడ్డెల్, బిస్కో, బక్ క్రైస్తవ సేవ కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళ మతం వాళ్ళది. మన హాస్టల్లో ఆదివారం చర్చికి పోయేవాళ్ళు ఉన్నారు, బుద్ధ వందనం చేసేవాళ్ళు ఉన్నారు, గణపతి నవరాత్రులకు చందా వేసేవాళ్ళు ఉన్నారు. అందరూ ఒకే బంతిని ముట్టుకుంటారు. వాళ్ళ దగ్గర మనం తీసుకోవలసింది మతం కాదు, దొరతనం అసలే కాదు. తమ పిల్లలు కాని పిల్లల సాయంత్రాల కోసం తమ వయసు ఖర్చు పెట్టారే, అది తీసుకోవాలి. వాళ్ళు వేల మైళ్ళు దాటి వచ్చి చేసిన పనిని మనం మన హాస్టల్ గేటు దాటి లోపలికి వచ్చి చేయలేమా?

అందుకే తమ్ముళ్ళకు కొన్ని విన్నపాలు. ఆటల సామాన్లకు ఒక రిజిస్టరు పెట్టండి. బంతి ఎవరు తీసుకున్నారో, ఎవరు తిరిగి ఇచ్చారో రాయండి. వానకు తడిసిన బంతిని తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. నెట్టు రాత్రికి విప్పి మడత పెట్టండి. వారానికి ఒకరు చొప్పున ఈల పట్టుకోండి. ఆ వారం ఆయన ఆడడు, ఆడిస్తాడు. పదో తరగతి వాడి నుంచి ఆరో తరగతి వాడి దాకా ఆ వంతు కూడా తిరగాలి. ఈల పట్టుకున్న వాడికి తెలుస్తుంది, గ్రౌండులో ఎంతమంది ఆడడం లేదో.

పూర్వ విద్యార్థి అన్నలకు కూడా ఒక మాట. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు కప్పులు, షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. దానితో పాటు ఒక్క సాయంత్రం కూడా ఇవ్వండి. ఊళ్ళోనే ఉన్న అమ్మాయిల హాస్టల్ చెల్లెళ్ళకు ఆ సాయంత్రాలు ఇవ్వడానికి మన అక్కలు కూడా ముందుకు రావాలి. వాళ్ళ నెట్టు ఎత్తు 2.24 మీటర్లు. గుంజలు పాతి ఇవ్వడానికి మేము సిద్ధం, తేదీ చెబితే చాలు.

ఈసారి పోటీలకు చీటీలు మళ్ళీ రాస్తాం. హాజరు పట్టీలో ఉన్న ప్రతి పేరూ డబ్బాలో పడుతుంది. ఆట రాదని ఎవరూ దాక్కోవద్దు. ఆట వచ్చినవాళ్ళు ఎవరూ వంతు దాటవద్దు. సున్నం, సుతిలి, ఈల మేము తెస్తాం.

జై భీమ్.

ఇట్లు,
మీ అన్నలు